ఫోన్లో మానసిక స్క్రీనింగ్: ఏ ప్రశ్నావళి ఎంచుకోవాలి, ఎలా నింపాలి, స్కోరు చూశాక ఎక్కడికి వెళ్లాలి (గోదావరి జిల్లాల కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి)

ఆన్‌లైన్‌లో దొరికే మానసిక ప్రశ్నావళి జబ్బు పేరు చెప్పదు. డాక్టరుకి చూపించుకోవాలా వద్దా, చూపించుకోవాలంటే ఎంత తొందరగా అన్నంత వరకే చెబుతుంది. ఈ తేడా తెలియక ఒక ఇంట్లో తొమ్మిది ప్రశ్నలకి జవాబిచ్చి ‘నాకు డిప్రెషన్’ అని ముద్ర వేసుకుంటారు. పక్కింట్లో ‘తక్కువే వచ్చిందిగా’ అని నిజంగా వైద్యం కావాల్సిన మనిషిని ఆపేస్తారు.

లెక్క చూడండి. డిప్రెషన్‌కి ఎక్కువగా వాడే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో 10 దాటితే అనుమానించాలంటారు (ఈ మార్గదర్శిలో ఒక అంకె ‘దాటితే’ అంటే ఆ అంకె, ఆ పైన అని). 2001లో వచ్చిన మొదటి అధ్యయనంలో ఈ గీత, జబ్బు ఉన్న 100 మందిలో 88 మందిని పట్టుకుంది, లేని 100 మందిలో 12 మందిని పొరపాటున పట్టుకుంది. వెయ్యి మంది పెద్దవాళ్లున్న ఊళ్లో 50 మందికి నిజంగా డిప్రెషన్ ఉందనుకుందాం. ఆ 50లో 44 మంది దొరుకుతారు. మిగిలిన 950 మందిలో 114 మందికి కూడా 10 దాటుతుంది. అంటే 10 దాటిన 158 మందిలో జబ్బున్నవాళ్లు 44 మందే. పరీక్ష చెడ్డదని కాదు, జల్లెడ పని అంతే. అది తప్పించుకుపోనిచ్చిన ఆ ఆరుగురిని కూడా మర్చిపోకండి. స్కోరు తక్కువొచ్చినా మనిషి మనిషిలా లేడని ఇంట్లోవాళ్లకి అనిపిస్తే ఇంట్లోవాళ్ల మాటే చెల్లుతుంది.

డాక్టరుకి మొత్తం స్కోరు కన్నా ఎక్కువ పనికొచ్చేవి మూడు: ఎవరు నింపారు, ఏ రోజుల గురించి నింపారు, ఏ ప్రశ్నకి ఎంత వేశారు. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు వాటికే ఇచ్చాం.

మొదటి మెట్టు: అనుమానాన్ని ఒక వాక్యంలో రాసి, దానికి తగ్గ ప్రశ్నావళి తీసుకోవడం

‘మెంటల్ హెల్త్ టెస్ట్’ అని వెతికితే వచ్చేవాటిలో సగం కాలక్షేపానికి పనికొచ్చేవే. మీ వ్యక్తిత్వం ఏ రకం, మీ మెదడులో ఏ వైపు చురుకు, పది నిమిషాల్లో ఐక్యూ లాంటివన్నీ పక్కన పెట్టేయండి. ఐక్యూ ముఖాముఖి కూర్చోబెట్టి, వస్తువులు చేతికిచ్చి, సమయం కొలిచి చూసేది. ఫోన్లో వచ్చిన అంకెకి ఏ ఆసుపత్రిలోనూ విలువ లేదు.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నీరసం అయితే పీహెచ్‌క్యూ-9. గాభరా, ఊరికే కంగారు, ఏదో జరిగిపోతుందన్న భయం అయితే 7 ప్రశ్నల గ్యాడ్-7. మన దగ్గర చాలామంది ఈ రెండిటినీ ‘గుండె దడ, ఒళ్లు మంటలు, తల బరువు’ అనే చెబుతారు. కాబట్టి ఒకటి నింపినప్పుడు రెండోదీ నింపడం మంచిది, రెండూ కలిపినా పది నిమిషాలు పట్టదు. బాలింతల దిగులుకి ఈపీడీఎస్, మద్యం అలవాటుకి ఆడిట్. పెద్దవాళ్లలో ఏకాగ్రత సమస్యకి ఏఎస్‌ఆర్‌ఎస్. దీనికి చిన్న షరతు ఉంది: ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. కాబట్టి చిన్నప్పటి సంగతి అమ్మనో పెద్దక్కనో అడిగి రాసుకోండి. ముప్పై అయిదో ఏట ఉద్యోగం మారాక మొదలైన మతిమరుపుకి కారణం వేరే చోట వెతకాలి.

పిల్లల్లో 16 నుంచి 30 నెలల వయసు వాళ్లకి ఆటిజం అనుమానం ఉంటే ఎం-చాట్-ఆర్. 2 నుంచి 17 ఏళ్ల వరకు ప్రవర్తన, భయాలు, స్నేహాలు అన్నీ కలిపి చూడాలంటే ఎస్‌డీక్యూ. 6 నుంచి 12 ఏళ్లలో కుదురు లేకపోవడం, చదువుపై ధ్యాస నిలవకపోవడం ఉంటే వాండర్‌బిల్ట్. వయసు హద్దు దాటి వాడితే స్కోరుకి అర్థం లేదు. మూడున్నర ఏళ్ల పిల్లాడికి ఎం-చాట్ నింపి ‘రిస్క్ లేదు’ అని ఊరుకోవడం మనవాళ్లు తరచుగా చేసే తప్పు.

రెండో మెట్టు: ఆ పేజీ అసలుదేనా అని చూడటం

ప్రశ్నలు లెక్కపెట్టండి. పీహెచ్‌క్యూ-9లో స్కోరుకి కలిసేవి 9. ఆ తర్వాత, ఈ ఇబ్బందుల వల్ల పని, ఇల్లు, నలుగురితో మెలగడం ఎంత కష్టమైందని అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది, అది స్కోరులో కలవదు. ఎం-చాట్‌లో 20, ఎస్‌డీక్యూలో 25, ఈపీడీఎస్‌లో 10, ఆడిట్‌లో 10. వీటిలో తేడా కనిపిస్తే బయటికి వచ్చేయండి.

ఇవన్నీ డబ్బు కట్టకుండా వాడుకోగలిగినవే. ప్రశ్నలన్నీ ఉచితంగా అడిగి, చివర్లో ‘మీ రిపోర్టు చూడాలంటే 499 రూపాయలు’ అనే చోట, స్కోరుకి ముందు ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే చోట ఆగిపోండి. ఆధార్ అడిగేవాటి సంగతి చెప్పనక్కర్లేదు. ఆసుపత్రిలో మీ వివరాలకి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యత ఇస్తుంది. ఎక్కడిదో తెలియని ఒక వెబ్‌సైటుని పట్టుకుని ఆ హక్కు అడగడం ఆచరణలో కష్టం. 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. పిల్లాడి పూర్తి పేరు, స్కూలు పేరు వెయ్యకుండానే పై ప్రశ్నావళులన్నీ పూర్తవుతాయి.

ఇంట్లో ఒకే ఫోను నలుగురు వాడుతుంటే బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. అయిపోయాక స్క్రీన్‌షాట్ తీసి, మీకొక్కరికే తెరుచుకునే చోట పెట్టుకోండి. నెట్ సెంటర్లో ప్రింటు తీయిస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డరులోంచీ, వాట్సాప్ వెబ్‌లోంచీ మీ చేత్తోనే తీసేసి రండి. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఇలాంటి కాగితం ఎక్కడ తేలుతుందోనన్న భయం నిజమైనదే. ఆ భయంతో జవాబులు తగ్గించి రాయడం కన్నా కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోవడం మేలు.

మూడో మెట్టు: తెలుగు ప్రతి వాడటం, బ్రౌజరు అనువాదం వాడకపోవడం

పీహెచ్‌క్యూ-9కి, ఎస్‌డీక్యూకి పద్ధతి ప్రకారం తయారైన తెలుగు ప్రతులు ఉన్నాయి. అవి దొరికితే అవే తీసుకోండి. ఇంగ్లీషు పేజీని ఫోనే తెలుగులోకి మార్చేస్తే రెండు చోట్ల దెబ్బతింటుంది.

ఒకటి, జవాబుల మెట్లు. పీహెచ్‌క్యూ-9లో నాలుగు మెట్లు: అసలు లేదు (0), కొన్ని రోజులు (1), సగానికి పైగా రోజులు (2), దాదాపు ప్రతిరోజూ (3). యంత్రం రెండో మెట్టుని ‘అనేక రోజులు’ అని పెడితే, అది మూడోదాని కన్నా పెద్దగా వినిపిస్తుంది. ఒక్కో ప్రశ్నకి ఒక్కో పాయింటు అటూ ఇటూ అయితే తొమ్మిది ప్రశ్నల్లో ఫలితం తారుమారవుతుంది.

రెండు, తిరగబడ్డ ప్రశ్నలు. ఎం-చాట్‌లో చాలావాటికి ‘అవును’ అంటే మంచిది. 2, 5, 12 ప్రశ్నలకి మాత్రం ‘అవును’ అంటే అనుమానం: చెవుడేమోనని ఎప్పుడైనా అనిపించిందా, కళ్ల దగ్గర వేళ్లు వింతగా ఆడిస్తాడా, మామూలు చప్పుళ్లకే తల్లడిల్లుతాడా. ఎస్‌డీక్యూలోనూ 7, 11, 14, 21, 25 ప్రశ్నలకి మార్కులు తిరగేసి వేస్తారు. పేజీ స్కోరు వేయకపోతే మీరు చేత్తో కూడేటప్పుడు ఇవే కొంప ముంచుతాయి.

చదవడం రాని పెద్దవాళ్లకి మీరే చదివి వినిపించాలి. రాసి ఉన్నదాన్ని ఉన్నట్టు చదవండి, అర్థం కాకపోతే మళ్లీ అదే చదవండి, ఆపైన ఒక మాట మార్చి చెప్పండి. ‘ఏమీ తోచట్లేదా మామ్మా?’ అంటే ఆసక్తి ప్రశ్న అందుతుంది. ‘బాగానే ఉంటున్నావు కదా?’ అని మాత్రం అడక్కండి, ‘ఆయ్, బాగానే ఉన్నానండి’ తప్ప ఇంకో జవాబు రాదు.

నాలుగో మెట్టు: రోజులు, మనిషి, చోటు

ప్రతి ప్రశ్నావళికీ గడువు వేరు. పీహెచ్‌క్యూ-9, గ్యాడ్-7 గడిచిన రెండు వారాలు. ఈపీడీఎస్ ఏడు రోజులు. ఎస్‌డీక్యూ, ఏఎస్‌ఆర్‌ఎస్ ఆరు నెలలు. ఆడిట్‌లో చాలా ప్రశ్నలు ఏడాది. మొదలెట్టే ముందు క్యాలెండరు తీసి, ఆ రెండు వారాలు ఎక్కణ్ణుంచి ఎక్కడికో వేలు పెట్టి చూపించండి. ‘నిరుడు చెరువు పోయినప్పుడు’ అని జ్ఞాపకం వెనక్కి జారిపోకుండా అదే కాపాడుతుంది.

వైట్‌స్పాట్ తెగులు వచ్చి రొయ్యల చెరువు పోయిన వారంలోనో, లంక ఊళ్లో వరదనీరు ఇంట్లోకొచ్చిన వారంలోనో నింపితే ఎవరికైనా స్కోరు ఎక్కువే వస్తుంది. అది అబద్ధపు స్కోరు కాదు, ఆ మనిషి బాధ నిజం. రెండు వారాలు ఆగి మళ్లీ నింపండి. అప్పటికీ తగ్గకపోతే ‘నష్టం వచ్చింది కాబట్టి మామూలే’ అన్న సర్దుబాటు మానేసి చూపించండి. ఈలోగా పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాక ఇంకేదైనా వస్తే ఆ రెండు వారాలు కూడా ఆగకూడదు. దాని సంగతి కింద ఉంది.

పెద్దవాళ్ల ప్రశ్నావళి ఎవరిది వాళ్లే, ఒంటరిగా నింపాలి. పక్కన భర్తో అత్తగారో కూర్చుంటే జవాబులు మారిపోతాయి. బాలింత విషయంలో ఇది మరీ ముఖ్యం. పుట్టింట్లో గదినిండా చూడవచ్చినవాళ్లు ఉంటారు. బిడ్డకి స్నానం చేయించే వేళ ఆమెకి ఒక పావుగంట విడిచిపెడితే చాలు. ఈపీడీఎస్‌లో మొత్తం 30. 10 దాటితే వారంలోపు డాక్టరుకో ఏఎన్‌ఎంకో చెప్పండి, 13 దాటితే ఆలస్యం చేయకండి. పదో ప్రశ్న తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి ‘ఎప్పుడూ లేదు’ తప్ప ఏ జవాబొచ్చినా మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే మాట్లాడాలి.

పిల్లల ప్రశ్నావళి ఎవరు నింపాలి? పిల్లాణ్ణి రోజూ చూసేవాళ్లు. కోనసీమలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్లు తక్కువేమీ కావు. వీడియో కాల్లో రోజుకి పది నిమిషాలు కనిపించే పిల్లాడు వేరు, అన్నం దగ్గర పేచీ పెట్టే పిల్లాడు వేరు. అమ్మమ్మ చెబుతుంటే చదువు వచ్చినవాళ్లెవరైనా నింపండి, పైన ‘అమ్మమ్మ చెప్పినది’ అని రాయండి. అమ్మ విడిగా ఇంకొకటి నింపి పంపితే ఇంకా మంచిది. రెండింటికీ తేడా వస్తే పోట్లాడుకోకుండా రెండూ డాక్టరుకి ఇవ్వండి, ఆ తేడా కూడా సమాచారమే.

అయిదో మెట్టు: పీహెచ్‌క్యూ-9 నింపే తీరు

పద్నాలుగు రోజుల్లో సగం ఏడు. ఎనిమిది రోజులు, ఆ పైన అయితే ‘సగానికి పైగా’. పన్నెండు, పద్నాలుగు అయితే ‘దాదాపు ప్రతిరోజూ’. రెండు మూడు రోజులైతే ‘కొన్ని రోజులు’. ఒక్కో ప్రశ్న దగ్గర అయిదారు సెకన్ల కన్నా ఎక్కువ తర్జనభర్జన వద్దు.

మన దగ్గర ఇబ్బంది పెట్టేది నిద్ర ప్రశ్న. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువుల మీద కాపలా ఉండేవాళ్లకి రాత్రి నిద్ర ఉండదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు చూసుకుంటూ మేలుకోవాలి. అలాంటివాళ్లు ‘నాకు నిద్ర సమస్య పనివల్లే కదా’ అని సున్నా పెట్టేస్తారు. అలా చేయకండి. జరిగింది జరిగినట్టు పెట్టి, పక్కన ‘రాత్రి కాపలా’ అని రాసి, పగలు పడుకునే వీలు దొరికినప్పుడు నిద్ర పడుతుందో లేదో కూడా రాయండి. కారణం తేల్చే పని డాక్టరుది. ఆకలి ప్రశ్నకీ, నీరసం ప్రశ్నకీ ఇదే సూత్రం. సుగరు ఉంది కాబట్టి నీరసం, ఎండ కాబట్టి నీరసం అని ముందే తీసేయొద్దు.

మొత్తం 27కి లెక్క ఇలా ఉంటుంది: 5 నుంచి 9 స్వల్పం, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 కొంచెం తీవ్రం, 20 పైన తీవ్రం. గ్యాడ్-7లో మొత్తం 21, గీతలు 5, 10, 15 దగ్గర. 10 దాటినా, 10 లోపే ఉండి ‘పని చాలా కష్టమైపోయింది’ అన్నా చూపించాల్సిందే. 8 వచ్చి పొలానికి వెళ్లడం మానేసిన మనిషి, 12 వచ్చి అన్ని పనులూ చేసుకుంటున్న మనిషి కన్నా ముందు డాక్టరు దగ్గర ఉండాలి.

తొమ్మిదో ప్రశ్న

చనిపోతే బాగుండునన్న ఆలోచన, తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచన ఎన్ని రోజులు వచ్చిందని అడుగుతుంది. ‘కొన్ని రోజులు’ అన్నా సరే స్కోరు పక్కన పెట్టండి.

నేరుగా, మామూలు గొంతుతో అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఏమైనా అనుకున్నావా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అడగకపోతేనే ఆ మనిషి ఒంటరి. ఏదో పథకం ఉందని తెలిస్తే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, ఇంట్లో మిగిలిన మాత్రలు ఆ పూటే తీసి వేరే ఇంట్లో పెట్టి తాళం వేయండి. సార్వా, దాళ్వా రెండు పంటలు పండే చోట పురుగుమందు లేని వసారా అరుదు. ఆ క్షణంలో చేతికి అందకుండా చేయడం వల్లే ఎన్నో ప్రాణాలు నిలబడతాయి. టెలీ మానస్‌కి 14416 నొక్కండి. ఇది 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ, డబ్బు పడదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అది కలవకపోతే 1800-89-14416. పురుగుమందు తాగేసి ఉంటే వాంతి చేయించడానికి ఉప్పునీళ్లు, పేడనీళ్లు పట్టించకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకా ప్రమాదం. 108కి ఫోన్ చేసి, మందు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఫలితం చూపించే పేజీలో ఇలాంటి జవాబుకి వెంటనే హెల్ప్‌లైను నంబరు కనిపించకపోతే ఆ పేజీ చేసినవాళ్లకి పని తెలియదనే అర్థం.

ఆడిట్: పెగ్గుల లెక్క తప్పితే అంతా తప్పే

ఆడిట్‌లో ‘డ్రింకు’ అంటే 10 గ్రాముల ఆల్కహాలు. మన క్వార్టరు సీసా 180 మి.లీ., 42.8 శాతం. అందులో సుమారు 60 గ్రాములుంటుంది, అంటే ఆరు డ్రింకులు. 60 మి.లీ. పెగ్గు రెండు డ్రింకులు. 650 మి.లీ. బీరు 5 శాతందైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ అయితే నాలుగు. ‘నేను రోజుకి ఒక్క క్వార్టరే’ అనే మనిషి రెండో ప్రశ్నలో ‘1 లేక 2’ పెడితే సున్నా పడుతుంది. నిజానికి ‘5 లేక 6’ పెట్టాలి. అలాగే ఒకే పూట ఆరు డ్రింకులు ఎన్నాళ్లకోసారి అని అడిగే మూడో ప్రశ్నకి ఆయన జవాబు ‘దాదాపు ప్రతిరోజూ’. ఈ రెండు ప్రశ్నల్లోనే ఆరు పాయింట్లు వచ్చేస్తాయి. కల్లు బలం చెట్టుని బట్టీ, దించి ఎంతసేపైందన్నదాన్ని బట్టీ మారుతుంది. కాబట్టి దాన్ని గ్లాసుల్లో రాసి డాక్టరుకి వదిలేయండి.

మొత్తం 40. 8 దాటితే హాని మొదలైనట్టు, 16 దాటితే గట్టి సలహా, చికిత్స కావాలి, 20 దాటితే అలవాటు బానిసత్వం అయిందేమో పరీక్షించాలి. రోజూ బాగా తాగేవాళ్లు స్కోరు చూసి భయపడి ఒక్కసారిగా మానేయకూడదు. ఆపిన మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. అయ్యప్ప మాల వేసుకున్న రోజు నుంచి మానేద్దామనుకునేవాళ్లు మాలకి ముందే డాక్టరుని కలిసి మాత్రలతో మెల్లగా దిగడం సురక్షితం. దీక్ష మంచిదే, ఫిట్స్ మాత్రం దీక్ష చూసి ఆగవు.

పిల్లలు: ఎం-చాట్

నింపే ముందు రెండు మూడు రోజులు ఫోను పక్కన పెట్టి పిల్లాణ్ణి గమనించండి. ఫోను చూపిస్తే తలెత్తడం, పాట పెడితే పరిగెత్తుకు రావడం ఇక్కడ లెక్కలోకి రావు. గదికి అటు చివరున్న వస్తువుని వేలితో చూపిస్తే అటు చూస్తాడా? తనకి నచ్చింది మీకు చూపించడానికి వేలు చాపుతాడా? కావాల్సింది అడగడానికి చాపడం వేరు, ‘అదిగో చూడు’ అన్నట్టు చాపడం వేరు. ఈ రెండిటికీ విడివిడిగా ప్రశ్నలున్నాయి, రెండోదే ఎక్కువ చెబుతుంది. పేరు పెట్టి పిలిచినప్పుడు తిరుగుతాడా అన్నది వెనకనుంచి, పేరు మాత్రమే పలికి చూడాలి. ‘చాక్లెట్టు తీసుకో’ అంటే తిరగడం పేరుకి తిరగడం కాదు.

ఎప్పుడో ఒకటి రెండు సార్లు చేశాడు, మామూలుగా చేయడు అంటే జవాబు ‘లేదు’. ఇక్కడే ముద్దు అడ్డొస్తుంది. మామ్మ ‘మొన్న చేశాడు కదా’ అంటుంది.

స్కోరు 0-2 అయితే ప్రస్తుతానికి తక్కువ అనుమానం. పిల్లాడికి రెండేళ్లు నిండకపోతే రెండో పుట్టినరోజు దాటాక మళ్లీ నింపాలి. 3-7 అయితే రెండో దశ ప్రశ్నలు అడగాలి. తప్పిన ఒక్కో అంశం గురించి ఉదాహరణలతో అడుగుతారు, అది తెలిసినవాళ్లు అడిగితేనే బాగుంటుంది. ఆ దశ తర్వాత కూడా 2, ఆ పైన మిగిలితే పూర్తి పరీక్షకి పంపాలి. 8, ఆ పైన వస్తే రెండో దశ లేకుండానే నేరుగా వెళ్లండి.

ఎక్కువ స్కోరు వచ్చిన ప్రతి బిడ్డకీ ముందు చెవి పరీక్ష చేయించాలి. ఈ వయసులో బెరా (శబ్దానికి చెవి నరం స్పందనని యంత్రంతో కొలిచేది) లాంటి పరీక్షతోనే వినికిడి తేలుతుంది, చప్పట్లు కొట్టి చూడటం చాలదు. ‘మగపిల్లాడికి మాటలు ఆలస్యం, వాళ్ల తాత కూడా నాలుగేళ్లకి మాట్లాడాడు’ అనే మాటతో పోయిన ఏడాది తిరిగి రాదు. జబ్బు పేరు తేలకముందే స్పీచ్ థెరపీ మొదలుపెట్టవచ్చు.

స్కూలు పిల్లలు: ఎస్‌డీక్యూ, వాండర్‌బిల్ట్

ఎస్‌డీక్యూలో 25 ప్రశ్నలు, అయిదు విభాగాలు. మంచితనం విభాగాన్ని వదిలి మిగతా నాలుగూ కలిపితే 40. తల్లిదండ్రులు నింపినదాంట్లో 17 దాటినా, టీచరు నింపినదాంట్లో 16 దాటినా ఎక్కువ కింద లెక్క. 11 దాటిన పిల్లలు తమది తామే నింపవచ్చు. ఇంటర్ హాస్టలు పిల్లలకి ఇది ఆదివారం ఇంటికొచ్చినప్పుడు ఇవ్వండి. హాస్టలు గదిలో వార్డెను ముందు నిజం రాయరు. మొత్తంతో ఆగకుండా విభాగాల వారీగా చూడండి. మొత్తం 13 ఉండి భయాలు, దిగులు విభాగంలో 7 వచ్చిన అమ్మాయి, క్లాసులో అల్లరి చేయదు కాబట్టి ఎవరి కంటా పడదు.

వాండర్‌బిల్ట్ తల్లిదండ్రులదీ టీచరుదీ రెండూ కావాలి. ధ్యాస నిలవకపోవడం గురించిన 9 ప్రశ్నల్లో ఆరింటికి ‘తరచుగా’, ‘చాలా తరచుగా’ వచ్చి, చదువులోనో నడవడికలోనో ఇబ్బంది కూడా కనిపించాలి. ఇంట్లోనే, లేదా స్కూల్లోనే అయితే కారణం ఆ చోటులో వెతకండి. మన బడులు జూన్‌లో తెరుస్తారు, కొత్త టీచరుకి పిల్లాడి సంగతి తెలియడానికి ఆగస్టు వరకు పడుతుంది. అప్పటిదాకా ఆగండి. ఫారం ఇచ్చే ముందు కంటి పరీక్ష చేయించండి. బోర్డు కనిపించనివాడూ, పాఠం ఇంగ్లీషులో అందనివాడూ బయటికి ధ్యాస లేనివాడిలాగే ఉంటాడు.

స్కోరు చూశాక

డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లాల్సినవి: ఒక్కో ప్రశ్నకి ఇచ్చిన జవాబులు కనిపించే స్క్రీన్‌షాట్లు, నింపిన తేదీ, నింపినవారు ఎవరు, వాడుతున్న మందుల చీటీలు. పిల్లలకైతే పుట్టినప్పటి కాగితాలు, నెలలు నిండకముందే పుట్టి ఉంటే ఎన్ని వారాలకన్నదీ. పిల్లాడు ఆడుకునేటప్పుడు తీసిన రెండు నిమిషాల వీడియో కూడా. క్లినిక్‌లో బిక్కచచ్చి కూర్చునే పిల్లాడి గురించి అది చాలా చెబుతుంది.

పెద్దవాళ్లకి దిగులూ నీరసమూ ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్, సుగరు, బి12 రక్తపరీక్షలు డాక్టరు ఎలాగూ రాస్తారు. ఈ మధ్య చేయించినవి ఉంటే తీసుకెళితే ఒక ప్రయాణం మిగులుతుంది.

మొదటి మెట్టు మీ ఊరి ఆరోగ్య కేంద్రమే. అక్కణ్ణుంచి ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో వీడియోలో మాట్లాడించవచ్చు. ప్రభుత్వంలో పెద్ద ఆసుపత్రులంటే కాకినాడ జీజీహెచ్, రాజమహేంద్రవరం, ఏలూరు బోధనాసుపత్రులు. వాటికి పైన విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల. బయలుదేరే ముందు సైకియాట్రీ ఓపీ ఏ రోజో ఫోన్లో కనుక్కోండి, రాజోలు నుంచి రెండు బస్సులు మారి వచ్చి తిరిగిపోవడం బాధాకరం. పిల్లలకి జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రాలకి దారి, అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ కార్యక్రమం) బృందం చీటీతో తేలిక. ఆ బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. మీ స్కూల్లో ఎప్పుడో అడిగి పెట్టుకోండి. బడి వయసు ప్రత్యేక అవసరాల పిల్లలకి మండలంలోని భవిత కేంద్రం ఉంటుంది.

ప్రైవేటులో చూపిస్తే సైకాలజిస్టు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకి అది తప్పనిసరి. మందులు రాసేది సైకియాట్రిస్టు. ‘ఆన్‌లైన్ సర్టిఫైడ్ కౌన్సెలర్’ అన్న బోర్డుకి పై రెండూ లేవు.

చికిత్స మొదలయ్యాక అదే ప్రశ్నావళిని రెండు నుంచి నాలుగు వారాలకోసారి నింపండి. రోజూ నింపితే అంకెల మీద బెంగ పట్టుకుంటుంది. పీహెచ్‌క్యూ-9లో 5 పాయింట్లు తగ్గితే నిజమైన మార్పు కింద చూస్తారు. ఒకటి రెండు తగ్గడం, పెరగడం ఆ రోజు గాలివాటమే. మందు మొదలెట్టి ఆరు వారాలైనా అంకె కదలకపోతే మీరే మానేయకుండా ఆ కాగితాన్నే డాక్టరు ముందు పెట్టండి.

సదరం (వైకల్యం) సర్టిఫికెట్టుకి ఈ స్కోర్లు పనికిరావు. ఆటిజానికి అక్కడ చూసేది 40 అంశాల ఐసా స్కేలు, దాన్ని బోర్డులోని నిపుణులే పిల్లాణ్ణి చూసి వేస్తారు: 70 లోపు ఆటిజం లేదని, 70-106 స్వల్పం, 107-153 మధ్యస్థం, ఆ పైన తీవ్రం. 40 శాతం దాటితేనే ఎక్కువ పథకాలకి అర్హత. స్లాటు గ్రామ సచివాలయంలో బుక్ చేసుకోవచ్చు. డబ్బిస్తే ఫోన్లోనే శాతం వేయిస్తామని ఎవరైనా వస్తే ఇవ్వకండి.